చదువొచ్చిన ఫాల్టు

గ్యారేజీ పక్కన, కుట్టు గది నుంచి

మావయ్యగారికి,

నమస్కారాలు. కోడలు ఉత్తరం రాసిందంటే కొంప మునిగిందనుకుంటారేమో. మునగలేదు, కాస్త పక్కకి ఒరిగింది, అంతే. మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? వదిన మిమ్మల్ని నడవనిస్తోందా, కుర్చీకి కట్టేసి ఉంచిందా?

అసలు సంగతికి వస్తాను. బండ్లెత్తే లిఫ్టు పేచీ పెడుతోంది. పొద్దున బుద్ధిగానే పనిచేస్తుంది. భోజనాలయ్యాక మీట నొక్కితే మోటారు మూలుగుతుంది, గోడమీది పెట్టెలోంచి టకటకమని చప్పుడు వస్తుంది, బండి జానెడు లేచి ఆగిపోతుంది. మీ అబ్బాయి దాని చుట్టూ తిరిగి, దాన్ని తిట్టి, కాసేపాగి మళ్లీ నొక్కుతారు. ఒక్కోసారి లేస్తుంది, ఒక్కోసారి లేవదు. నిన్న పాలవ్యాను సగంలో ఆగిపోతే పాలవాడు గుమ్మంలో గొంతుక్కూర్చుని, "అక్కా, నా బండిని ఉతికి ఆరేశారా ఏంటి?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మీ అబ్బాయి మొహం చూశాక ఆగిపోయింది.

ఆ లిఫ్టే మాకు అన్నం పెడుతోందని మీకు తెలుసు. నా కుట్టుమిషను వచ్చి ఉప్పూ పప్పూ వరకే. బయటి ఎలక్ట్రీషియన్ని పిలుద్దామంటే "నాకు తెలీదా?" అంటారు. పిలవాల్సిన మనిషి పేరు నోట్లోంచి రాదు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, మీరు పట్టినదానికి అవి కూడా లేవు. ఆయన లిఫ్టుకి చేసుకున్న వైరింగు చూసి నలుగురి ముందూ మీరు "దీని కింద నా శత్రువుని కూడా పడుకోనివ్వను" అన్నారు. మెయిన్ స్విచ్‌కి మీ తాళం వేసేశారు. ఆ తాళాన్ని ఆయన రంపంతో కోసేశారు. మీరు పెట్టె సర్దుకుని వదిన దగ్గరికి వెళ్లిపోయారు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కని.

ఫోను చేద్దామంటే మీకు మామూలుగా చెబితే వినపడదు, అరిచి చెబితే పక్కనున్న ఆయనకి వినపడుతుంది. అందుకే ఉత్తరం. ఆయనకి తెలియకుండా నాకు చెప్పండి, నేను చూస్తాను. కుట్టుమిషను మోటారు నేనే బాగుచేసుకుంటాను కదా, ఇదీ దానికి పెద్దన్నయ్యే అనుకుంటాను.

మీ కోడలు

*

అమ్మాయి ఇల్లు, మూడో అంతస్తు

కోడలు పిల్లకి,

ఆశీస్సులు. పెద్దన్నయ్య కాదు తల్లీ, అది ఏనుగు. కుట్టుమిషను తప్పు చేస్తే వేలికి సూది గుచ్చుకుంటుంది. ఇది తప్పు చేస్తే మనిషి మిగలడు. ఈ మాట వాడికి చెప్పినందుకే కదా నేనిక్కడున్నాను.

తాళం సంగతి నువ్వు తేలిగ్గా రాశావు. మా కరెంటు పనిలో ఒకడు వేసిన తాళం ఇంకొకడు తియ్యడు. తాళం వేసినవాడు అవతల ఎక్కడో తీగ మీద చెయ్యి పెట్టి ఉండొచ్చు. తాళంచెవి వాడి జేబులో ఉన్నంతసేపూ వాడి ప్రాణం వాడి జేబులో ఉన్నట్టే. వాడు కోసింది ఇనుము కాదు. సరే, పోనీ.

ఇక్కడ నాకేం లోటు లేదు, మెట్లెక్కకుండా మనుషుల లిఫ్టు కూడా ఉంది. కాకపోతే చెయ్యడానికి పనీ లేదు. ఇంట్లో స్విచ్‌లన్నీ బిగించేశాను. కాలింగ్ బెల్ ఇదివరకు కూసేది, ఇప్పుడు మోగుతోంది. నిన్న ఎదురింటివాళ్ల ఫ్యాను విప్పబోతుంటే మీ వదిన స్క్రూడ్రైవరు లాక్కుని బీరువాలో పెట్టింది. చంటిపిల్లాడి దగ్గర కత్తెర లాక్కున్నట్టే.

ఇప్పుడు విను. బండిని లిఫ్టు మీంచి పూర్తిగా దింపించు. మెయిన్ ఆపి దానికి నీ తాళం వెయ్యి, నీ ట్రంకు పెట్టెది చాలు. తాళంచెవి కొంగున ముడేసుకో. పెట్టె మూత తియ్యకు. మోటారు పక్కనుండే డబ్బా కెపాసిటరు, దాన్ని ముట్టకు. కరెంటు ఆపినా అది కాసేపు పగ దాచుకుంటుంది. దూరంగా నిలబడి ఉబ్బిందో లేదో చూడు. స్తంభాల పైన అడ్డంగా ఒక కమ్మీ, దాని చివర ఒక బుల్లి స్విచ్ ఉంటాయి. బండి తల తగిలితే లిఫ్టుని ఆపేది అదే. దాంట్లో దుమ్మో, సాలెగూడో ఉందేమో చూడు. తీగల మీద ఎక్కడైనా కాలిన వాసన వస్తోందా, నల్లబడిందా చూసి రాయి.

ఆ మొండిఘటం వేళకి తింటున్నాడా? నీకు కష్టంగా ఉంటే ఈ ప్రశ్నకి జవాబు రాయనక్కర్లేదు.

మావయ్య

*

కుట్టు గది నుంచి

మావయ్యగారికి,

తింటున్నారు. మీ గురించి ఎవరైనా అడిగినరోజు మాత్రం ఒక ముద్ద తక్కువ.

మీరు చెప్పినట్టే ఆయన విడిభాగాలకి వెళ్లిన సమయం చూసి అంతా చేశాను. తాళంచెవి కొంగున కట్టుకుంటే మా అమ్మమ్మలా ఉన్నానని నాకే అనిపించింది. కెపాసిటరు ఉబ్బలేదు. పైన స్విచ్ దగ్గర సాలెగూడు ఉంది, దులిపాను. సాలీడు తప్ప ఎవరూ ఇబ్బంది పడలేదు. కాలిన వాసన లేదు. లిఫ్టు మర్నాడు మధ్యాహ్నం మళ్లీ టకటకలాడింది.

రెండు సంగతులు చెప్పాలి. మొదటిది నవ్వులాట. మీ ఉత్తరం నా కత్తిరింపుల డబ్బాలో దాచాను. నిన్న తీసి చూస్తే ‘వేళకి తింటున్నాడా’ అన్న లైను పక్కన గ్రీజు వేలిముద్ర ఉంది. నేను గ్రీజు ముట్టను మావయ్యగారూ. పైగా కాగితం నేను పెట్టిన మడతలో లేదు. ఏమీ తెలియనట్టే ఊరుకున్నాను. ఆయనా తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నారు.

రెండోది నవ్వులాట కాదు. మొన్న లిఫ్టు మొరాయిస్తే ఆయన పెట్టె మూత తీసి, లోపల ఆ టకటకలాడేదాన్ని స్క్రూడ్రైవరు పిడితో నొక్కిపట్టుకున్నారు. బండి లేచింది. తర్వాత దాని కిందికి దూరి పనిచేశారు. ఆయన బయటికొచ్చేదాకా నేను గుమ్మంలోంచి కదల్లేదు. మీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

మీ కోడలు

*

మూడో అంతస్తు

అమ్మాయ్,

ఈ ఉత్తరం నీకు. గ్రీజు వేళ్లవాడు కూడా చదువుకోవచ్చు.

ఆ టకటకలాడేదాన్ని కాంటాక్టరు అంటారు. మీట నొక్కితే అది మోటారుకి కరెంటు అందిస్తుంది, పైనున్న స్విచ్ ఆపమంటే ఆపుతుంది. దాన్ని పిడితో నొక్కిపట్టుకుంటే ఆపమనే గొంతు నొక్కేసినట్టే. బండి పైకప్పుకి కొట్టుకున్నా అది ఆగదు. ఇంకోసారి అలా చేస్తే నేను మోకాళ్ల మీద పాకుతూ అయినా వచ్చి ఆ పిడితోనే వాయిస్తాను. నలభై దగ్గరపడుతున్నవాడిని కొట్టకూడదని ఎక్కడా రాసిలేదు.

బండి ఎత్తాక దాన్ని స్తంభాల్లో జారకుండా పట్టుకునే తాళం పళ్ల మీదికి దింపాకే కిందికి వెళ్లాలి. రెండు స్తంభాల్లోనూ ‘టక్’ మని వినపడాలి. ఒక్కదాంట్లో వినపడితే చాలదు. చిన్నప్పుడు మంచం కిందికి దూరి వీపుతో మంచాన్ని ఎత్తేవాడని వాడికి జాకీ అని పేరు పెట్టింది నేనే. బండి కింద కూడా అదే పని చెయ్యగలననుకుంటున్నాడేమో.

నాకు భయంగా ఉంది తల్లీ. దాన్ని కోపంలా రాయడం నాకు బాగా అలవాటు.

పార్శిల్లో ఒక మీటరు పంపుతున్నాను. ప్లగ్గులో గుచ్చితే చాలు, దేన్నీ విప్పనక్కర్లేదు. లిఫ్టు పెట్టె పక్కనే ప్లగ్గు పాయింటు ఉంది, అదీ ఆ లైను మీదిదే. గురువారం భోజనాలయ్యాక మీటరు గుచ్చి, మీట నొక్కి, నొక్కిన క్షణాన ముల్లు ఎక్కడికి పడిందో రాయి. లైనులో బలం తగ్గితే కాంటాక్టరు పట్టు నిలవక కొట్టుకుంటుంది. నా అనుమానం అదే. ఆ లైను మీద ఇంకేం నడుస్తున్నాయో కూడా చూసి రాయి.

మావయ్య

*

కుట్టు గది నుంచి

మావయ్యగారికి,

నా పరువు పోయింది. గురువారం మీటరు పెట్టి నొక్కితే ముల్లు రెండొందల ముప్పై నుంచి కాస్త కిందికి వంగి మళ్లీ నిటారుగా నిలబడింది. లిఫ్టు పువ్వులా లేచింది. మళ్లీ దింపి మళ్లీ నొక్కాను, మళ్లీ లేచింది. ఆ లైను మీద లిఫ్టు, ఒక ఫ్యాను, రెండు లైట్లు తప్ప ఇంకేమీ లేవు. ఆయన దూరంగా చక్రం బిగిస్తూ, "ఏంటి, మిషను పని మానేసి మోటారు పని నేర్చుకుంటున్నావా?" అన్నారు. నా వైపు చూడకుండా అన్నారు. ఆయన ఏదైనా దాస్తే చెవులు ఎర్రబడతాయి. ఎర్రగానే ఉన్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం లిఫ్టు మళ్లీ మూలిగింది. మీటరు వెతికితే కనపడలేదు. సాయంత్రం టైర్ల వెనక దొరికింది. నేను అక్కడ పెట్టలేదు.

పిడితో నొక్కడం మాత్రం మానేశారు. మీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి బండి ఎత్తాక రెండు స్తంభాల దగ్గరా చెవి పెట్టి వింటున్నారు. అడిగితే, "ఊరికే" అన్నారు. ఈ ఒక్క ముక్క మీకు మందులా పనిచేస్తుందని రాస్తున్నాను.

మీ కోడలు

*

చొక్కా జేబులో పెట్టి కుట్టిన కాగితం

అమ్మాయ్,

చొక్కా వదులైందని, సరిచెయ్యమని పార్శిల్ మీద రాశాను. చొక్కా సరిగ్గానే ఉంది. జేబు మూసి కుట్టి ఉంటే నువ్వు తప్ప ఎవరూ విప్పరని అలా చేశాను. కుట్టు వంకరగా ఉంటే నవ్వకు. మీ వదిన చూసి, "నాన్నా, జేబు మూసేస్తే కళ్లజోడు ఎక్కడ పెట్టుకుంటావు?" అని బెంగపెట్టుకుంది. నాకు మతి చలించిందేమోనని ఇవాళ రెండుసార్లు పలకరించింది.

నా జన్మలో ఎన్నో ఫాల్టులు చూశాను. వాన వస్తే వచ్చేవి, ఎలక కొరికితే వచ్చేవి, ఇంటావిడ ఇస్త్రీ పెడితే వచ్చేవి. గురువారం వస్తున్నామని ముందే చెబితే గురువారం ఒక్కరోజు మాయమయ్యే ఫాల్టుని చూడలేదు. ఈ ఫాల్టుకి చదువు వచ్చు తల్లీ. అది నా ఉత్తరాలు చదువుతోంది.

జాకీ ఆ లైనుకి ఇంకేదో తగిలించాడు. అదేంటో నీకు తెలియకూడదు, నాకు అసలే తెలియకూడదు. అది ఏదైనా గాని, నడిస్తే లిఫ్టుకి ఊపిరి ఆడటం లేదు. ఏం చేస్తున్నాడోనని నాకు నిద్రపట్టడం లేదు. అప్పు చేసి ఇంకో యంత్రం ఏదైనా తెచ్చాడా? నన్ను అడిగితే తిడతానని దాచాడా? తిట్టను. నువ్వు కనుక్కో.

ఎవరికీ చెప్పకు. ఏదో ఒక మధ్యాహ్నం, ముందుగా ఏమీ అనుకోకుండా, అప్పటికప్పుడు మీటరు గుచ్చి మీట నొక్కు. ముల్లు పడిందా, అన్నీ వదిలేసి షెడ్డు గోడ వెంట తీగని కళ్లతో చూస్తూ నడువు. ముట్టకు. పాత తీగ నల్లగా ఉంటుంది, అది షెడ్డుకి మొదట్లో నేను లాగించింది. దానిలోంచి కొత్త తీగ ఎక్కడ విడిపోయిందో చూడు. అది ఎక్కడికి వెళ్తే నువ్వూ అక్కడికి వెళ్లు.

మావయ్య

*

కుట్టు గది నుంచి

మావయ్యగారికి,

దొరికింది. కాస్త నిదానంగా రాయనివ్వండి, ఇప్పుడే మొహం కడుక్కుని కూర్చున్నాను.

ఇవాళ అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, ఉన్నట్టుండి వెళ్లి మీటరు గుచ్చి మీట నొక్కాను. ముల్లు నూట డెబ్బై కిందికి పడిపోయింది, పెట్టె టకటకలాడింది. ఆయన కంచం దగ్గర్నుంచి "ఆగాగు!" అని అరుస్తూ వచ్చేలోపే నేను గోడ వెంట నడుస్తున్నాను. టైర్ల దొంతర వెనక నల్ల తీగలోంచి తెల్ల తీగ ఒకటి విడిపోయి, గోడలో కన్నం గుండా వెనక సామాన్ల గదిలోకి వెళ్లింది. ఆ గదికి ఎప్పుడూ తాళమే. పాత ఇంజన్లున్నాయి, పిల్లులు దూరతాయి అంటారు. తలుపు మీద చెయ్యి పెట్టాను. జ్వరం వచ్చినవాడి నుదురులా వెచ్చగా ఉంది.

"తలుపు తియ్యండి," అన్నాను.

"అందులో ఏముందనీ?"

"ఏమీ లేకపోతే తియ్యడానికేం?"

మింగలేక కక్కలేక నిలబడి, చివరికి తీశారు.

లోపల ఒక్క ఇంజను లేదు. నేలకి కొత్త గచ్చు. కిటికీ పెద్దది చేశారు. ఒక మంచం, ఎత్తు తక్కువది, మోకాళ్లు వంచనక్కర్లేకుండా కూర్చుని లేవగలిగేటంత. మంచం మీంచి చెయ్యి చాపితే అందేచోట స్విచ్‌బోర్డు. గోడకి కొయ్యమేకులు, స్క్రూడ్రైవర్లు తగిలించుకోవడానికి, పెద్దవి పైన, చిన్నవి కింద. ఎదురుగోడ దగ్గర పెద్ద హీటరు ఎర్రగా కాలుతోంది. ఆ గోడ మీద పెద్ద తడిమరక.

"ఎవరికండీ ఇది?" అన్నాను, తెలిసి కూడా.

"నాన్న మేడమెట్లెక్కి పైగదికి వెళ్లలేరు కదా," అన్నారు. "గోడ తడిగా ఉంటే ఆయాసం వస్తుంది ఆయనకి. ఆరాక పిలుద్దామని."

"ఎన్నాళ్లనుంచి ఆరుతోంది?"

గోడ మీది మరకని అరచేత్తో తడిమి చూశారు.

"లిఫ్టు ఎత్తేటప్పుడన్నా దీన్ని ఆపొచ్చు కదా?"

"రోజూ భోజనానికి లేచేటప్పుడు వేస్తా, లిఫ్టు ఎత్తేముందు ఆపుదామనే అనుకుంటా. పనిలో పడి మర్చిపోతా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే ఆ రోజే ఉత్తరం రాసేస్తావు. ఆయన రానంటే?" గోడకున్న కొయ్యమేకు ఒకటి వదులైందేమోనని కదిపి చూశారు. "గోడ ఆరలేదనుకో, పిలవక్కర్లేదు. పిలవకపోతే రాననే మాట వినక్కర్లేదు."

మావయ్యగారూ, యంత్రం కాదు, అప్పూ కాదు. మీ గది. దానికోసం కడుపు నింపే లిఫ్టుని కూడా ఎండబెట్టుకున్నారు. మిమ్మల్ని మించిన మొండివాడు ఉంటాడని నేననుకోలేదు.

ఈ ఉత్తరం దాచి రాయడం లేదు. పక్కనే కూర్చుని ఉన్నారు. మీరూ ఒక ముక్క రాయండి అంటే, నా బట్టల సుద్దతో రాయబోయి, పెన్ను ఇస్తే రాశారు. అదీ ఇందులోనే పెడుతున్నాను.

మీ కోడలు

*

నాన్నగారికి,

గోడ ఇంకా కొంచెం తడిగా ఉంది.

జాకీ

*

మూడో అంతస్తు

ఒరేయ్ జాకీ,

నీ ఉత్తరం అందింది. మీ అక్క దాన్ని చదివి, "ఇంతేనా?" అంది. చాలు అన్నాను.

ముందు పని సంగతి. హీటరు తీసి అవతల పెట్టు. ఆ తెల్ల తీగ మెయిన్ ఆపి విప్పెయ్, చివర్లకి టేపు చుట్టు. గదికి వేరే లైను లాగుదాం, తీగ నేను కొనుక్కొస్తాను, నువ్వు సన్నది కొంటావు. లిఫ్టు వైరింగు మొదటి నుంచీ మళ్లీ చేద్దాం. నేను కుర్చీ వేసుకుని చెబుతాను, నువ్వు చెయ్యి. తాళం కోసినందుకు నాకు ఇంకా కోపం ఉంది, అది ఉత్తరంలో తీరేది కాదు, వచ్చాక తిడతాను. నలుగురి ముందు నేనన్న మాటకి నువ్వూ నన్ను తిట్టాలి. బాకీ పెట్టుకోకు.

గోడ గురించి. ఇంటి వెనక వానగొట్టం అతుకు ఊడి, నీళ్లన్నీ ఆ గోడ మీదే పడుతున్నాయి. నేనున్నప్పుడే చూశాను, చెబుదామనుకునేసరికి గొడవైంది. బయటనుంచి నీళ్లు తాగుతున్న గోడని లోపలనుంచి కాలిస్తే ఎప్పటికి ఆరుతుందిరా? నువ్వు దాన్ని ఏడాది ఎండబెట్టినా తడిగానే ఉంటుంది. నిన్ను అలాగే వదిలేస్తే నన్ను పిలవకుండానే ముసలివాడివైపోయేవాడివి.

రానంటే ఏం చెయ్యాలని అన్నావట. నేనిక్కడ ఇన్నాళ్లూ ఏం చేశాననుకున్నావు? వచ్చిన పెట్టె విప్పలేదు. మీ అక్క బట్టలు బీరువాలో సర్దుతానంటే, రేపో మాపో వెళ్తానుగా, ఎందుకూ అనేవాణ్ని. ప్రతిరోజూ అదే మాట. పిలిస్తే వద్దామని నేను, రానంటారేమోనని నువ్వు. ఆ అమ్మాయి మధ్యలో లేకపోతే మనిద్దరి తెలివికీ ఇద్దరం ఉన్నచోటే తుప్పుపట్టేవాళ్లం. దానికి నా తరఫున కూడా దణ్ణం పెట్టు. పెద్దవాణ్ని, నేను పెడితే ఒప్పుకోదు.

గోడ తడిగానే ఉండనీ. ఆయాసం వస్తే నీ పక్కన గ్యారేజీలో పడుకుంటాను.

మంగళవారం పొద్దున రైలుకి వస్తున్నాను. లిఫ్టు మీద ఎవరి బండైనా ఉంటే పని ఆపి స్టేషనుకి రానక్కర్లేదు, నాకు దారి తెలుసు. వస్తే మాత్రం గేటు దగ్గర కాదు, ప్లాట్‌ఫారం మీదికే రా. అంత జనంలో నిన్ను వెతుక్కుంటూ నిలబడటం ఇక నా వల్ల కాదు.

మీ నాన్న